చన్నీళ్లకు పోయే మరక

మార్చి 28

రక్తపు మరక మీద వేడినీళ్లు పోయకూడదని కూడా తెలియదు మా కోడలికి. బీకాం చదివింది. చీరల షాపులో బిల్లులు కొడుతుంది. పొద్దున గీజర్ నీళ్ల బకెట్‌లో దుప్పటి ముంచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, మరక తనంతట తాను లేచి వెళ్లిపోతుందన్నట్టు. వేడి తగిలితే నెత్తురు గుడ్డలోనే ఉడికిపోతుంది, గుడ్డు ఉడికినట్టు. ఇక ఆ గోధుమరంగు మచ్చ ఈ జన్మకు వదలదు.

"అత్తమ్మా, సర్ఫ్ ఎంత ఏసినా పోతలేదు," అంది.

"పోదు. ఉడకవెట్టినవ్ గదా. ఇగ మంచిగ మడతవెట్టి మీ అమ్మకు పంపు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా అమ్మకెందుకు, ఇల్లు తుడిచే పోచకు పనికొస్తది," అని కత్తెర తెచ్చి దుప్పటిని ముక్కలు చేసింది. కొత్త దుప్పటి. సిగ్గూ లేదు, బాధా లేదు. మొగుడి ముందే, మామ ముందే ఆ ముక్కలు తీగ మీద ఆరేసింది.

ఈ డైరీని హాల్లో టీవీ పక్కన పెట్టినా నాకు భయం లేదు. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. మా ఆయన గట్టయ్య బొగ్గుబాయి ఉద్యోగానికి చంద్రపూర్ వచ్చేనాటికే బడి మానేసినవాడు. సంతకం హిందీలో పెడతాడు. కొడుకు ప్రతీక్, కోడలు వనిత ఇద్దరూ మరాఠీ బడుల్లో చదివారు. బెల్లంపల్లిలో పదో తరగతి దాకా చదివిన నాకొక్కదానికే అక్షరాలు దక్కాయి. మంచిదే. ఈ ఇంట్లో మనుషుల గురించి ఉన్నదున్నట్టు రాసుకోవడానికి ఒక చోటుంది.

ఏప్రిల్ 4

పక్క లైన్ కోమల కూతురి స్కూలు స్కర్టు పట్టుకుని వచ్చింది. తెల్లది. ప్లాస్టిక్ సంచిలో, ఆ సంచి ఇంకో సంచిలో, దొంగసొత్తు తెచ్చినట్టు. కాలనీలో ఎవరికి ఇలాంటి అవసరం పడ్డా నా దగ్గరికే రావాలి. వచ్చినప్పుడు మాత్రం "సరోజక్కా, సరోజక్కా" అంటారు.

చన్నీళ్లలో ఉప్పు వేసి నానబెట్టాను. పచ్చిగా ఉన్న మరకైతే దానికే సగం దిగుతుంది. తర్వాత బట్టల సబ్బు రాసి, మరక వెనకవైపు నుంచి రుద్దాలి. ముందునుంచి రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. తెల్ల గుడ్డ కాబట్టి చివర్లో మెడికల్ షాపులో దొరికే నురగ మందు నాలుగు చుక్కలు. బుస్సుమని పొంగుతుంది, అంతే. రంగు గుడ్డలకు ఆ మందు వేస్తే మరకతోపాటు రంగూ లేచిపోతుంది. వాటికి ఉప్పూ, ఓపికా.

"పిల్ల బల్లె మస్తు ఏడ్చిందట అక్కా. పోరగాళ్లు జూసి నవ్విండ్రట," అంది కోమల.

"ముందుగాల జూసుకోవద్దా మరి? ఆడపిల్లన్నంక ఎర్క ఉండాలె."

పన్నెండేళ్ల పిల్ల, పాపం, అంది. పాపమేంటి? నేనూ పన్నెండేళ్లకే పెద్దదాన్నయ్యాను. మొదలైనప్పటి నుంచి ఆగిపోయేదాకా నా చీర మీద చుక్క చూశానని చెప్పగలిగే మనిషి లేదు. బెల్లంపల్లిలో లేదు, ఈ కాలనీలో లేదు. మా అత్త కూడా చూడలేదు, ఆవిడ కళ్లు గద్ద కళ్లు. నా గుడ్డలు ఎప్పుడు ఉతికానో, ఎక్కడ ఆరేశానో నా మొగుడికి ఈ రోజుకీ తెలియదు. ఆడవాళ్లకు శుభ్రం చేతకాకపోతే లోకాన్ని అని లాభం లేదు.

ఏప్రిల్ 12

లోలంగా మీద చిన్న మరక. బొప్పాయి కోసినప్పుడు పడిందేమో.

ఏప్రిల్ 13

బొప్పాయి కాదు. ఉడుకు చేసింది. బయట ఎండ అలా ఉంది. మెంతులు నానబెట్టి తాగాను.

ఏప్రిల్ 20

ఆగి ఎనిమిదేళ్లయింది. ఆగిన ఏడాది పీడ విరగడైందని బూరెలు చేసుకుని తిన్నాను. ఏం పండగని ఆయన అడిగితే ఏకాదశి అన్నాను. నమ్మాడు. ఏకాదశినాడు బూరెలేమిటని అడిగే తెలివి కూడా లేదు.

ఇప్పుడు మళ్లీ. కొంచెమే. ఇందులో వింతేమీ లేదు. ఒళ్లు పాతబడితే ఎక్కడో మిగిలిపోయినది బయటికి పోతుంది, బావి అడుగున బురదలాగ. పోతే ఒళ్లే తేలికవుతుంది. దీనికి డాక్టర్ల దగ్గరికి పరిగెత్తేవాళ్లు వేరే ఉంటారు, మా తోటికోడలు రాజక్క లాంటివాళ్లు. తుమ్మితే కూడా నాగ్‌పూర్ పోతుంది.

పాత గుడ్డలన్నీ ఎప్పుడో పారేశాను. వనిత అల్మారాలో ప్యాకెట్ ఉంది, రెండు తీసుకున్నాను. లెక్కా పత్రం లేని మనిషి, తెలియదు. ఆ ప్యాడ్లూ ఒక వస్తువేనా! కూర్చుంటే పాలిథిన్ సంచి మీద కూర్చున్నట్టు చప్పుడు.

ఏప్రిల్ 28

ఈ ఊరి ఎండాకాలంలో చన్నీళ్లు ఎక్కడివి? మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు పొద్దున ఎనిమిదింటికే చాయ్ పెట్టుకునేలా ఉంటాయి. నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని ఫ్రిజ్ సీసాలు తీసుకుంటున్నాను. మగవాళ్లు బయటికి పోయాక బాత్రూంలో ఒక టబ్బు, రెండు సీసాలు, ఉప్పు. పావుగంట పని.

మధ్యాహ్నం ఆయన క్యారమ్ ఆడి వచ్చి ఫ్రిజ్ తెరిచి అరిచాడు. "ఈ ఫ్రిజ్‌ల నీళ్లెవలు తాగుతుండ్రు? ఇంట్ల ఒంటె ఉన్నదా ఏంది?"

"కోడల్ని అడుగు. తాగుడే ఎర్క, నింపుడు ఎర్కలేదు," అన్నాను.

వనిత అప్పుడే షాపు నుంచి అన్నానికి వచ్చింది. నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఏమీ అనలేదు. సీసాలు నింపి పెట్టింది. ఇంకో రెండు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు కడిగి అవి కూడా నింపి పెట్టింది. నోట్లో నాలుక లేని మనుషులంటే నాకు మొదటి నుంచీ అసహ్యం. ఏం ఆలోచిస్తున్నారో తెలియదు.

మే 3

"అత్తమ్మా, నా అల్మారిల నుంచి ప్యాడ్లు ఎవలన్న తీస్తుండ్రా?"

వంటింట్లో, పోపు మధ్యలో, ఇంత గొంతుతో. పక్క గదిలో ప్రతీక్ ఉన్నాడు.

"ఎవలు దీస్తరు? మీ మామయ్యనా?"

"అట్ల గాదు. ప్యాకెట్ మొన్న తెచ్చిన. ఖాళీ ఉంది."

"నీ సామాను నువ్వు జూసుకోవాలె. నన్నడుగుతవేంది? నాకేం పని వాటితోటి, ఈ వయసుల?"

"హో, బరోబర్," అని వెళ్లిపోయింది. అది మరాఠీయో వెటకారమో తెలియలేదు.

మే 7

ఆగింది. చెప్పానుగా, ఉడుకు అని.

మే 8

ఆగలేదు.

మే 15

ఈ రోజు నా అల్మారా తెరిస్తే చీరల కింద కొత్త ప్యాకెట్ ఉంది. పెద్దది. దాని పక్కన మడతపెట్టిన నల్లరంగు లోలంగాలు రెండు, కొత్తవి. షాపులోవి అయ్యుంటాయి.

నా అల్మారాలో చెయ్యి పెట్టింది! నా చీరలు ఎత్తి చూసింది! ఎంత ధైర్యం. ఏం అనుకుంటోంది ఈ పిల్ల? నేను దొంగనా? ముసలిదాని మీద జాలి పడుతోందా? ప్యాకెట్ తీసుకెళ్లి దాని మంచం మీద విసిరికొడదామనుకున్నాను. ప్రతీక్ ఉన్నాడు. రేపు విసురుతాను.

మే 16

విసరలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు రోజంతా.

లోలంగాల కొలత సరిపోయింది. నల్లవి కొనేటంత బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో.

మే 23

వరోరాలో రాజక్క మనవడి తొట్టెల ఫంక్షన్. వెళ్లకపోతే ఏడాదంతా అంటుంది. రాజక్క మా ఆయన అన్నగారి భార్య. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి నా నడక, నా వంట, నా రంగు, నా కొడుకు మార్కులు, ఒక్కటీ వదలకుండా లెక్క కడుతున్న మనిషి. కూతురికి కొడుకు పుడితే ఫంక్షన్ హాలు తీసుకుంది. కుర్చీలన్నిటికీ తెల్ల కవర్లు, వెనక ఎర్ర రిబ్బన్లు. కుర్చీలకు పెళ్లి చేస్తున్నట్టు.

నేను గంధంరంగు పట్టుచీర కట్టుకున్నాను. వనిత పొద్దున గుమ్మంలో నిలబడి చూసి, "అత్తమ్మా, ఆ మెరూన్ చీర కట్టుకోరాదు?" అంది. "నీ షాపుల అమ్ముకో," అన్నాను. రెండు రోజులుగా ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు.

ఆడవాళ్లందరం తొట్టెల చుట్టూ కూర్చున్నాం. పాటలు పాడుతున్నారు, సగం తెలుగు, సగం మరాఠీ, రెండూ తప్పులే. ఉన్నట్టుండి లోపల ఏదో తెగినట్టు అనిపించింది. తర్వాత వెచ్చగా. నేను కదల్లేదు. కదిలితే ఇంకా అవుతుంది. కింద తెల్ల కవరు. ఒంటి మీద గంధంరంగు చీర. ఈ తొట్టెల అయిపోయి, అందరూ అన్నాలకు లేచి, అందరూ తిని, హాలు ఖాళీ అయి, లైట్లు తీసేదాకా ఇక్కడే కూర్చోవాలి అనుకున్నాను. కూర్చోగలను. మొండితనంలో నన్ను మించినవాళ్లు లేరు.

అప్పుడు రాజక్క పిలిచింది. ఆ గొంతు హాలంతా వినబడుతుంది. "సరోజా! గట్ల దేవతలెక్క గూసున్నవేంది? లే, లేచి తొట్టెల ఊపు. చిన్నమ్మమ్మవు నువ్వే ఊపకపోతే ఎట్ల?"

"ఊపుండ్రి, నేను ఇక్కడికెల్లి పాడ్త."

"గిదేం ముచ్చట? లే లే. ఏ, సరోజను లేపుండ్రే!"

అందరూ తిరిగి చూశారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. వీడియో తీసేవాడు కెమెరా నా మీదకు తిప్పాడు.

వనిత చేతిలో ప్లేటుతో వస్తోంది. అన్నం, దాని మీద వరణ్ పప్పు, పక్కన కూర. దేనికో తట్టుకున్నట్టు ముందుకు తూలింది. ప్లేటంతా నా ఒళ్లో. వేడి పప్పు నడుం నుంచి మోకాళ్ల దాకా కారింది. కుర్చీ కవరు పసుపు. అంతటితో ఆగకుండా, తుడుస్తానంటూ ఆ పప్పును నా కిందికీ వెనక్కీ పులిమేసింది.

తట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. నేల నున్నటి టైల్స్. నేను చూశాను.

"కండ్లు నెత్తికెక్కినయా?" అన్నాను. అందరూ వినేలా అన్నాను. "పట్టుచీర! మీ ఇంట్ల గిట్లనే నేర్పిండ్రా? నలుగుట్ల నడువ రాదు, పట్ట రాదు! ఏం పెంపకమే నీది!"

ఆయన మగవాళ్ల వైపు నుంచి వచ్చి ఇంకో నాలుగన్నాడు. రాజక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పానం లేని చేతులాయె పోరివి. పోనీ తియ్యి సరోజా."

వనిత తల వంచుకుని, "తప్పయింది అత్తమ్మా," అంది. భుజం మీది చున్నీ తీసి నా నడుంకు చుట్టింది. నన్ను పట్టుకుని బాత్రూంకు తీసుకెళ్లింది. లోపల గడియ పెట్టి తన బ్యాగులోంచి నల్ల లోలంగా, ప్యాకెట్, మెరూన్ చీర తీసింది.

"ఇవెందుకు తెచ్చినవ్? ఎవలు తెమ్మన్నరు నిన్ను?"

"ఎవ్వలు తెమ్మనలే. జల్ది కట్టుకోండ్రి. కుర్చీ కవర్ నేను తీసిన."

ఆ కవరును మడిచి బ్యాగులో కుక్కుకుంది.

తిరుగు ప్రయాణంలో వరోరా నుంచి చంద్రపూర్ దాకా ఆయన వనితను తిడుతూనే వచ్చాడు. ప్రతీక్ బండి నడుపుతూ మధ్య మధ్య "జౌ ద్యా పప్పా" అన్నాడు, వదిలేయమని. అది కూడా పెళ్లాం కోసం కాదు, హారన్ వినబడటంలేదని. వనిత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నేను ఆయన్ని ఆపలేదు. ఆపడానికేముంది? చీర పాడైంది కదా.

మే 24

పప్పు మరక పోలేదు. రెండోది పోయింది.

మే 26

మామయ్య క్యారమ్‌కు, మొగుడు డ్యూటీకి పోయేదాకా ఆగి వచ్చింది వనిత. కూరగాయలు తరుగుతున్న నా ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. అత్తగారి ముందు స్టూలు!

"గురువారం పదింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్న. లేడీ డాక్టరే. నేను షాపుకు సుట్టి పెట్టిన."

"ఎవలికి?"

"అత్తమ్మా." స్టూలు ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఫ్రిజ్‌ల నీళ్లు ఎటు వోతున్నయో నాకు ఏప్రిల్‌లనే ఎర్కయింది. బాత్రూంల ఉప్పు డబ్బ ఎందుకుంటది?"

"ఉడుకు చేసింది. నీకేం ఎర్క."

"ఉడుకైతే డాక్టర్ ఉడుకనే అంటది. అప్పుడు నన్ను తిట్టుండ్రి, చాలేల్, నడుస్తది నాకు."

"నేను రాను. ఈ వయసుల పోయి ఆమె ముందట పండుకోవాల్నా? థూ!"

"రాకపోతే ప్రతీక్‌కు చెప్త. మామయ్యకు చెప్త. వరోరల పెద్దత్తమ్మకు ఫోన్ జేసి చెప్త."

రాజక్కకు చెబుతుందట. బెదిరింపు! నా వంటింట్లో, నా స్టూలు మీద కూర్చుని నన్నే బెదిరిస్తోంది.

"నామీద నీకేం గంత ప్రేమ?" అన్నాను.

"ప్రేమ గీమ ఏం లేదు," అంది చాలా మామూలుగా. "మీరు పోతే ఈ ఇంట్ల ఇద్దరు మొగోళ్లతోటి నేనొక్కదాన్నే ఏగాలె. నాతోని గాదు."

ఆ మాట నచ్చింది. ఇదేమిటి, రాశాను. సరే, ఎవరు చదువుతారు.

మే 30

డాక్టర్ నా కోడలి వయసుదే. చెవులకు చిన్న ముత్యాలు. "కాకూ, కధీపాసూన్?" అంది, పిన్నీ, ఎప్పటి నుంచని.

"మొన్న మొన్ననే," అన్నాను హిందీలో.

"ఏప్రిల్ నుంచి," అంది వనిత మరాఠీలో.

ఇద్దరూ మాట్లాడుకున్నారు, నేను బల్ల మీద ఉండగా, నా మీదుగా. స్కాన్ చేశారు. లోపలి పొర మందంగా ఉందట. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నొప్పికి నేను అరవలేదు. బొగ్గుబాయిలో బండ పడి కాలు విరిగి ఇంటికి తెచ్చినప్పుడు మా ఆయన కాలనీ అంతా వినబడేలా అరిచాడు.

ముట్టు ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా మర్నాడే రావాలని చెప్పింది డాక్టర్. "ఇన్ని రోజులు ఇంట్లో ఎవరూ చూడలేదా కాకూ? బట్టల మీద, పక్క మీద?"

"ఎవ్వలకు కనబడనియ్యలే," అన్నాను.

గర్వంగా అన్నాను. ఎప్పుడూ అనేలాగే అన్నాను. డాక్టర్ రాసుకుంటున్నది ఆపి నన్ను చూసింది. వనిత నేలను చూసింది. ఆ గదిలో నాకు మెచ్చుకోలు దొరకలేదు.

జూన్ 9

రిపోర్టు వచ్చింది. అదే.

పేరు రాయడానికి భయమేం లేదు. క్యాన్సర్. రాశాను. గర్భసంచిలో. మొదటి దశలోనే ఉన్నట్టుంది, తీసేస్తే చాలావరకు సరిపోతుందంది డాక్టర్, తీశాక మళ్లీ పరీక్షించి చెబుతారట. నాగ్‌పూర్ వెళ్లాలి. ఇంకో ఏడాది ఉతుక్కుంటూ కూర్చుంటే నా సంగతి వేరేగా ఉండేదని కూడా అంది. అది నాతో అనలేదు, వనితతో మరాఠీలో అంది. ఇన్నేళ్లు ఈ ఊళ్లో కూరగాయలు బేరమాడినదాన్ని, నాకు మరాఠీ రాదనుకుందా!

సాయంత్రం ఇంట్లో చెప్పింది వనిత. ప్రతీక్ ముఖం తెల్లబోయింది. "మమ్మీ, నాకెందుకు చెప్పలే?" అన్నాడు. అంతలోనే, "అది లేడీస్ మ్యాటర్ గదా, వనితా నువ్వే చూస్కో, నేను బండి పెడ్త," అన్నాడు. బండి పెడతాడట. ఇరవై తొమ్మిదేళ్లు పెంచితే ఒక డ్రైవర్ తయారయ్యాడు.

ఆయన టీవీ ఆపలేదు. సౌండ్ మాత్రం తగ్గించాడు. చాలాసేపటికి, "ఈ వయసుల గిదేంది?" అన్నాడు. నన్ను అడిగినట్టు కాదు, నేనేదో చేసి తెచ్చుకున్నట్టు.

జూన్ 11

పక్కింటివాళ్లు నాగ్‌పూర్ ఎందుకని అడిగితే ఆయన "హర్నియా" అన్నాడట. అన్నగారికి ఫోన్‌లో కూడా హర్నియా అన్నాడు. నేను విన్నాను.

"హర్నియా మీకు అయ్యేది, నాకు గాదు," అన్నాను.

"మెల్లగ. అవన్ని పదిమందిల చెప్పుకునే ముచ్చట్లా? ఇజ్జత్ ఉండాలె."

భూమి కడుపులో ముప్ఫై ఏళ్లు తిరిగిన మనిషి, పెళ్లాం కడుపు పేరెత్తలేడు. గట్టిగా అనాలనుకున్నాను. అనలేదు. అనకపోవడానికి కారణం వెతుక్కుంటే దొరికింది. ఆయన చెబుతున్నది నా మాటే. ఇన్నేళ్లు నేను చెప్పిందే. కోమలతో కూతురి గురించి అన్నది కూడా అదే.

కోపం వస్తోంది. ఎవరి మీదో రాయను.

జూన్ 21

నాగ్‌పూర్. రేపు ఆపరేషన్. వార్డులో ఆరు మంచాలు. పక్క మంచం మనిషికి తెలియకుండా పక్క బట్ట మీద నెత్తురు అయింది. నర్సు వచ్చి బట్ట లాగి, కొత్తది పరిచి, పాతది ఉండలా చుట్టి బండిలో పడేసి వెళ్లింది. ముఖంలో ఏమీ లేదు. చెమట తుడిచినట్టు. ఆ మనిషి కూడా మళ్లీ నిద్రపోయింది. నేనే అటు చూస్తూ పడుకున్నాను.

ఇక్కడ టీ కడుగునీళ్లలా ఉంది.

జూన్ 25

నొప్పి. బతికే ఉన్నాను. వనిత కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతోంది. గురక పెడుతుంది. ప్రతీక్ ఎలా భరిస్తాడో.

జూలై 8

ఇంటికొచ్చి వారమైంది. తీసిన దాన్ని మళ్లీ పరీక్షించారు. ఎక్కడికీ పాకలేదట, రేడియేషన్ అక్కర్లేదట, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలట. వాన పడి ఊరి మీది బొగ్గు పొడి అంతా కడుక్కుపోయింది. హాల్లో కిటికీ పక్కన మంచం వేయించుకుని పడుకుంటున్నాను.

ఈ రోజు పరామర్శకు గుంపుగా వచ్చారు. కోమల, లైన్‌లోవాళ్లు ఇద్దరు, వరోరా నుంచి రాజక్క, ఆవిడతో మా బావగారు. యాపిల్ పళ్లు, బిస్కెట్లు. చావు దగ్గరి దాకా వెళ్లి వస్తే ఎప్పుడూ బిస్కెట్లే తెస్తారు.

"హర్నియా అయితే బరువు లేపొద్దు సరోజా," అన్నారు బావగారు.

మా ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "అవునన్నా, డాక్టర్ గదే చెప్పిండు, హర్నియాకు..." అని మొదలుపెట్టాడు.

"హర్నియా గాదు బావా," అన్నాను. "గర్భసంచి. అండ్ల క్యాన్సర్. ముట్టు ఆగిపోయినంక మళ్ల నెత్తురు వోయింది. రెండు నెలలు దాసుకున్న. అందుకే గింత దాక వచ్చింది."

బావగారు గోడ మీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టారు. మా ఆయన ముఖం ఉడికిన బీట్‌రూట్ లాగ అయింది. చెప్పులు వేసుకుని, "చాయ్ పత్తి అయిపోయింది," అంటూ బయటికి వెళ్లిపోయాడు. చాయ్ పత్తి డబ్బా నిండా ఉంది.

కోమల వైపు తిరిగాను. "నీ బిడ్డకు చెప్పు. నవ్వే పోరగాళ్లకు బుద్ధి లేదని చెప్పు. మరక ఐతే ఉతుక్కోవాలె, ఏడ్వద్దు. దాసుకోవద్దు." అంతకుమించి నాకు మంచి మాటలు రావు. కోమల తల ఊపింది.

"వరోరల ఫంక్షన్‌ల వనిత పప్పు ఒంపింది కావాలనే," అన్నాను. ఇది రాజక్కకు. "నా చీర మీద మరక మీకు కనబడొద్దని. మీరందరు నవ్వితిరి. నేను తిడ్తి."

ఇది చెప్పాలని అనుకోలేదు. వచ్చేసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్లీ మొదలైంది. వనిత బయటికి రాలేదు. నేనూ పిలవలేదు. మేమిద్దరం కౌగిలించుకునే రకం కాదు.

రాజక్క ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. నాకు జవాబు కూడా సిద్ధంగా ఉంది. ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ నా వైపు జరిపింది. అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటుంటే, "మీరు నడువుండ్రి, సంచి మర్చిపోయిన," అని మళ్లీ లోపలికి వచ్చింది. సంచి భుజానికే ఉంది.

మంచం అంచున కూర్చుంది. నా దుప్పటి కొస పట్టుకుని మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. అరవై నాలుగేళ్ల మనిషి.

"సరోజా," అంది. ఆ గొంతు ఆవిడదేనా అని తలెత్తి చూశాను. "నీకు ఎర్రగ అయ్యిందా, లేకుంటె గోధుమరంగు నీళ్లలెక్క అయ్యిందా?"

మెల్లగా లేచి కూర్చున్నాను.

"ఎప్పటికెల్లి అక్కా?"

"దీపావళి ముందటికెల్లి." దుప్పటి కొస మళ్లీ మడతపెట్టింది. "నాకు గూడ ఉడుకే అనుకున్న."

తుమ్మితే నాగ్‌పూర్ పోయే మనిషి. దీపావళి నుంచి. ఆ హాలులో, మనవడి తొట్టెల పక్కన నిలబడి నన్ను లెమ్మని అరిచిన రోజు కూడా లోపల అదే పెట్టుకుని అరిచింది. మూర్ఖురాలు. ఎంత మూర్ఖురాలు!

"మీ బావకు తెలుస్తదేమోనే," అంది.

"తెలిస్తే తెల్వనీ. ఆయనేమన్న ఉతికి పెడ్తడా?" అని, వంటింటి వైపు తిరిగి పిలిచాను. "వనితా!"

వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. రాజక్క చటుక్కున నా దుప్పటి వదిలేసి చీర సర్దుకుంది. నేను ఏమీ చెప్పలేదు. వనిత ఆవిడను చూసింది, నన్ను చూసింది. గోడకు ఆనుకుని నిలబడి ఫోన్ తీసింది.

"రేపు పదింటికా, పదకొండింటికా పెద్దత్తమ్మా?"

రాజక్క నేలను చూస్తూ, "పదింటికే," అంది. "జర నువ్వు గూడ లోపలికి రావాలె బిడ్డా. నాకు భయమైతది."

ముప్ఫై నాలుగేళ్లుగా ఎరుగుదును ఆ మనిషిని. తగ్గి మాట్లాడగా వినడం ఇదే మొదలు. ఎన్నిసార్లు కోరుకున్నానో ఈ రోజు రావాలని. వచ్చింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కూర్చుని ఉంది. నేను చెయ్యి చాపి పట్టుకున్నాను. చల్లగా ఉంది.